మేలుకొలుపు ఒక పేజీలో, పవళింపు ఇంకో పేజీలో

వేణుగోపాలపురం,
గజపతినగరం దగ్గర,
సోమవారం.

చిరంజీవి శ్రీరామ్‌కు మేనత్త జగదీశ్వరి ఆశీస్సులు.

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. శ్రీకాకుళంలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. ఫోనులో రాయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోనులో రాసింది పైకి పాకిపోయి మళ్ళీ కనపడదు. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

మన వేణుగోపాలస్వామి గుడికి నువ్వు తయారు చేసిన వెబ్‌సైటు చూశాను. మొదటి పేజీలో స్వామి ఫోటో, కింద నా ఫోటో, నా పేరు, ఆ కింద పాటల వరస. అంతవరకు ముచ్చటగానే ఉంది. నిన్న మధ్యాహ్నం మేలుకొలుపు నొక్కి, కళ్ళు మూసుకుని వింటున్నాను. రెండో చరణం బాగా కుదిరింది. పేజీ అడుగున "ఆలయానికి దారి" అని ఉంటే, ఏముందో చూద్దామని నొక్కాను. అంతే, పాట గొంతులో ఆగిపోయింది. స్వామి లేడు, నేను లేను. గజపతినగరం బస్సుల టైములు వచ్చి కూర్చున్నాయి. పాట వింటున్న మనిషిని మధ్యలో రెక్క పట్టుకుని బస్టాండులో దింపేస్తావా?

నీకు తెలిసిన సంగతే అయినా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు దీన్ని ఆటగా తీసుకుంటున్నావని నా అనుమానం. మన ఇంటి ఆడవాళ్ళు తరతరాలుగా తెల్లవారుజామున స్వామికి మేలుకొలుపు, రాత్రి పవళింపు పాడుతున్నారు. మా అమ్మ తర్వాత నేను. నేను గుడి మెట్లు ఎక్కలేకపోతున్నానని ఆ రెండు పాటలూ నా చేత కొత్తగా పాడించి నువ్వు సైటులో పెట్టావు. మైకు నూకయ్య రోజూ నా ఫోను పట్టుకెళ్ళి గుడిలో వినిపిస్తాడు. ఇందులో తేడా వస్తే కమిటీ ప్రెసిడెంటు జగన్నాధం గారు పెన్‌డ్రైవుతో సిద్ధంగా ఉన్నారు. ఆయన ఉద్యోగమంతా బిలాస్‌పూర్ రైల్వేలో చేసి ఈమధ్యే ఊరు చేరిన మనిషి. ఎవరో మద్రాసు విద్వాంసురాలి పాటలట, వాటినే మైకులో వేద్దామంటున్నారు. స్వామి కల్యాణానికి ముందు జరిగే మీటింగులో తేలుస్తారు. ఆ పెన్‌డ్రైవు మైకెక్కితే మన ఇంటి గొంతు గుడిలో ఆగిపోతుంది. నేను బతికుండగా అది చూడలేను.

కాబట్టి ఎక్కడ ఏది నొక్కినా నా పాట పోకుండా చెయ్యి.

ఇట్లు,
అత్త జగదీశ్వరి.

మరొక మాట: అటక మీది పాత క్యాసెట్ల నుంచి నా చిన్ననాటి పాటలు కూడా తీసి పెట్టావు. నేను వాటిని వినను. ఎవరో పరాయి పిల్ల పాడుతున్నట్టుంటుంది. పైగా గోవుల పాటలో మా ఆవు గౌరి అరుపు కూడా పడింది. దాన్ని తీసెయ్. ఆవును కాదు, అరుపును.

*

శ్రీకాకుళం,
గురువారం.

పూజ్యురాలైన అత్తకు శ్రీరామ్ నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ చదివాను. బస్టాండు దగ్గర నవ్వాపుకోలేకపోయాం, మన్నించు.

అత్తా, నువ్వు అడిగింది చిన్న విషయం కాదు. లింకు నొక్కితే ఉన్న పేజీ పోయి దాని చోట కొత్తది రావాలా, పాతదాన్ని అలాగే ఉంచి పక్కన ఇంకో పేజీ తెరుచుకోవాలా అన్నది మా వృత్తిలో ఎప్పటికీ తెగని తగువు. పక్కన తెరుచుకునేదాన్ని కొత్త ట్యాబ్ అంటాం. నా పక్క సీటు విశాలికీ నాకూ దీని మీదే రెండు రోజులు మాటల్లేవు. "చదివేవాళ్ళకి కావాలంటే వాళ్ళే వెనక్కి వెళ్తారు, వాళ్ళని అడక్కుండా పేజీలు తెరవడానికి మనమెవరం?" అంటుంది. నేను నీ పక్షం. అందుకే ఈ రోజే అన్ని లింకులూ కొత్త ట్యాబ్‌లో తెరుచుకునేలా మార్చేశాను. ఇక నువ్వు ఏది నొక్కినా నీ పాట ఉన్నచోటే ఉంటుంది.

గౌరి అరుపు తీయడం కుదరలేదు. అది సరిగ్గా నీ గొంతు మీదే పడింది. దాన్ని తీస్తే నువ్వూ పోతావు.

నీ మేనల్లుడు,
శ్రీరామ్.

మరచాను: నెల తిరక్కుండా మీ అత్త దీన్ని మళ్ళీ వెనక్కి మార్చమని రాస్తుందని విశాలి పందెం కాసింది. మా అత్త సంగతి నీకు తెలియదన్నాను.

*

వేణుగోపాలపురం,
శనివారం.

శ్రీరామ్‌కు అత్త రాయునది.

ఆశీస్సులు తర్వాత. ముందు జరిగింది చదువు.

నిన్న తెల్లవారుజామున నూకయ్య ఎప్పటిలా ఫోను పట్టుకెళ్ళి మైకుకి తగిలించి మేలుకొలుపు పెట్టాడు. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని వింటున్నాను. "లేవయ్యా గోపాలా" అని నా గొంతు ఊరంతా వినిపిస్తోంది. ఇంతలో అదే మైకులో, అదే నా గొంతుతో, "నిదురపోవయ్యా" అని ఇంకో పాట అందుకుంది. ఒక జగదీశ్వరి స్వామిని లేపుతుంటే ఇంకో జగదీశ్వరి జోకొడుతోంది. ఒకరు తగ్గితే ఇంకొకరు పెంచుతున్నారు. నాతో నేను అలా పోట్లాడుకోవడం ఊరంతా విన్నది.

అర్చకుడు త్యాగరాజు తెర సగం తీసి, ఇంకా తీయాలో మళ్ళీ వేయాలో తెలియక దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. పాలమ్మే మరిడమ్మ నడివీధిలో చెంబు దించి, "ఏటిది, తెల్లారిందా, సీకటడిందా?" అని ఎదురొచ్చినవాళ్ళనల్లా అడిగిందట. చివరికి నూకయ్యే వైరు పీకేశాడు. తర్వాత మా ఇంటికొచ్చి, "అమ్మా, రాత్రి పాట ఏడున్నాదో ముందే సూసుకుందారని నొక్కినాను. ఇది ఆగకుండానే అది కూడా పాడీసింది. నా తప్పేటున్నాది?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. పాతది పోకుండా ఉంచిన వాడిది తప్పు.

జగన్నాధం గారు స్వయంగా మా గుమ్మంలోకి వచ్చారు. "అమ్మా, స్వామిని లెగమంటన్నామా, తొంగోమంటన్నామా? ఏదో ఒకటి సెప్పండి, ఆయన ఇబ్బంది పడతన్నాడు" అన్నారు. వెళుతూ వెళుతూ, "నా పెన్‌డ్రైవులో ఒకటయ్యాకనే ఇంకోటి వస్తాది" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

దీన్ని వెంటనే బాగు చెయ్యి.

అత్త.

ఇంకోటి: ఆ విశాలి ఎవరో గాని, తెలివైన పిల్ల. పెళ్ళయిందా?

*

శ్రీకాకుళం,
బుధవారం.

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివేసరికి టీ చల్లారిపోయింది, నేను తాగనే లేదు. ఒక పాట మొదలైతే ఇంకోటి ఆగేలా ముందే పెట్టాల్సింది, నాకు తోచలేదు. ఇప్పుడు పెట్టాను. ఇక నువ్వు ఎన్ని తెరిచినా ఒక్క జగదీశ్వరే పాడుతుంది.

అయితే కొత్త ట్యాబ్‌తో చిన్న పేచీ ఉంది. నువ్వు నొక్కిన ప్రతిసారీ ఒక పేజీ అదనంగా తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. పని అయిపోయాక దాన్ని మూసేస్తూ ఉండు. మూలన చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది, అది నొక్కితే చాలు. అరక్షణం పని.

ఒక మంచి వార్త. సైటు లెక్కలు చూస్తే, నీ పాటలు నువ్వు కాక ఆ ఊళ్ళోనే ఇంకెవరో వింటున్నారు. వేళా పాళా లేకుండా వింటున్నారు. అదీ క్యాసెట్ల పాటలే. ఎవరో నాకు తెలిసే వీలు లేదు. మీటింగులో ఆ మనిషి నీ వైపు మాట్లాడితే బాగుంటుంది. వాకబు చెయ్యి.

శ్రీరామ్.

తాజా కలం: పెళ్ళి కాలేదు. ఆ వాక్యం ఆఫీసులో పైకి చదవకుండా ఉండాల్సింది. ఇప్పుడు మళ్ళీ మాటల్లేవు, ఈసారి కారణం ట్యాబ్‌లు కాదు.

*

వేణుగోపాలపురం,
ఆదివారం.

శ్రీరామ్‌కు అత్త ఆశీర్వదించి రాయునది.

"మూసేస్తూ ఉండు, అరక్షణం పని" అని ఎంత తేలిగ్గా రాశావురా. నువ్వు మన ఇంట్లో పుట్టినవాడివేనా? నీ సైటులో ప్రతి పాట పేజీ మీదా స్వామి నిలబడి ఉన్నాడు. ఆయన తలుపులు మూసేది ఎవరు? పవళింపు అయ్యాక, హారతి ఇచ్చి, ఆ రోజు వంతున్న అర్చకుడు మూస్తాడు. మనం పాడే ఇంటివాళ్ళం. లేపుతాం, నిద్రపుచ్చుతాం. తలుపు మీద చెయ్యి మాత్రం వెయ్యం. మా అమ్మ వెయ్యలేదు, నేను వెయ్యలేదు. నువ్వు శ్రీకాకుళంలో కూర్చుని పట్టపగలు స్వామి ముఖం మీద తలుపు వేసెయ్యమంటున్నావు.

నేను ఒక్కటీ మూయలేదు. నువ్వు పాటల కింద వేసిన సాహిత్యంలో అచ్చుతప్పులు దిద్దడానికి పాత పాటలు కూడా ఒక్కొక్కటీ తెరిచాను. పాట వినపడకుండా సౌండు పూర్తిగా తగ్గించి చదువుకున్నాను. వాటినీ మూయలేదు.

ఇప్పుడు అసలు ఘోరం విను. ఫోను పైన మూలన చిన్న డబ్బా ఒకటుంటుంది, అందులో అంకె. నేను ఏది నొక్కినా ఆ అంకె పెరుగుతూ ఉండేది. స్వామి సన్నిధిలో నేను చేసిన సేవ లెక్క కాబోలనుకుని ఊరుకున్నాను. నిన్న చూస్తే అంకె లేదు. దాని చోట ఒక ముఖం. పక్కకు పడుకుని, నోరంతా తెరిచి, పళ్ళికిలించి నన్ను చూసి నవ్వుతోంది. ఫోను మంచం మీద పడేసి వీధిలోకి వచ్చేశాను.

త్యాగరాజుకి చూపించాను. అతను చేతులు కడుక్కుని వచ్చి మరీ చూశాడు. "ఇలాటిది నేనెప్పుడూ సూళ్ళేదమ్మా. నవ్వుతన్నాదంటే మంచికేనేమో" అన్నాడు, కాని ఫోను ముట్టుకోలేదు. ఇది జగన్నాధం గారి పనే అని నా అనుమానం. రైల్వేలో సిగ్నళ్ళు తెలిసిన మనిషి, ఇలాటివి దూరాన్నుంచి చెయ్యగలరు. నిన్నటి నుంచి ఆయన ఎదురైతే తల తిప్పుకుంటున్నాను.

మరిడమ్మ ఇంకోటి. ఆయన ఇంట్లో పాలు పోస్తూ ఆ పెన్‌డ్రైవు పాటలు విన్నదట. "ఆ మద్రాసామె గొంతు అచ్చం నీ సిన్నప్పటి గొంతునాగే ఉన్నాదమ్మా" అని నాతోనే అంది. నన్ను ఓదార్చడానికి అంత అబద్ధం ఆడాలా? ఈ ఇంట్లో ఆ పెన్‌డ్రైవు పేరెత్తవద్దని చెప్పి పంపేశాను. పాలు కూడా తీసుకోలేదు.

మీటింగు శుక్రవారం.

అత్త జగదీశ్వరి.

మరొక మాట: ఆ ముఖం రాత్రి కూడా నవ్వుతుందా? ఫోనుకి తువ్వాలు కప్పి పడుకుంటున్నాను.

*

శ్రీకాకుళం,
మంగళవారం.

అత్తకు శ్రీరామ్ నమస్కారాలు.

ముందుగా ఒక మాట, ఆ ముఖానికి భయపడవద్దు. జగన్నాధం గారు పాపం ఏమీ చెయ్యలేదు. తెరిచి ఉన్న పేజీలు తొంభై తొమ్మిది దాటితే ఫోను ఇక లెక్కపెట్టలేక అలా నవ్వి ఊరుకుంటుంది. ఎవరో సరదాకి పెట్టారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దాన్ని చూసిన మనిషి నాకు ఎదురుకాలేదు. విశాలికి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడింది. "అన్ని పేజీలా? ఒక్కటీ మూయకుండానా?" అంది. కారణం చెప్పాను. "మనం లింకులు తెరవడం గురించే కొట్టుకుంటున్నాం, మూసే హక్కు ఎవరిదో ఎప్పుడూ అనుకోలేదు" అంది తర్వాత.

నేను ఓడిపోయాను అత్తా. లింకులన్నీ మళ్ళీ పాతపద్ధతిలోకి మార్చేశాను, ఉన్న పేజీలోనే తెరుచుకుంటాయి. ఇప్పటికే తెరిచి ఉన్నవాటిని ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి.

ఆ రెండో మనిషి ఇంకా వింటూనే ఉన్నారు. చిత్రమేమిటంటే, మన మొదటి పేజీ గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. తిన్నగా పాట పేజీకే వస్తారు. గోవుల పాట అయితే మళ్ళీ మళ్ళీ వింటున్నారు.

శుక్రవారం నాకు సెలవు దొరకలేదు. నువ్వే వెళ్ళు. మీటింగు మెట్ల కింద మండపంలోనే కదా, మోకాళ్ళకి ఇబ్బంది లేదు. వెళ్ళి గట్టిగా మాట్లాడు.

శ్రీరామ్.

మరచాను: పందెం ఓడినందుకు విశాలికి భోజనం పెట్టించాను. మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

*

వేణుగోపాలపురం,
శనివారం.

చిరంజీవి శ్రీరామ్‌కు అత్త అనేక ఆశీస్సులతో రాయునది.

కూర్చుని చదువు. నేను నిన్నటి నుంచి కూర్చునే ఉన్నాను, ఇంకా తేరుకోలేదు.

మీటింగుకి వెళ్ళాను. గట్టిగా మాట్లాడదామని వెళ్ళాను గాని, మాట్లాడే వంతు రానే లేదు. జగన్నాధం గారు లేచి, "మాటలెందుకు, సెవులతోనే తేల్సుకుందాం" అని నూకయ్య చేతికి పెన్‌డ్రైవు ఇచ్చారు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. మోకాళ్ళు లేవనివ్వలేదు. అదే మంచిదయింది.

పాట మొదలైంది. గోవుల పాట.

శ్రీరామ్, అది మా అమ్మ పాట. మన ఇంట్లో తప్ప ఎక్కడా లేని పాట. మద్రాసు మనిషికి ఎలా వచ్చింది? గొంతు ఎంత బాగుందో, నిజం చెబుతున్నాను, అసూయ పడ్డాను. ఈ పిల్ల ముందు నేనెంత, ఇక నా వంతు అయిపోయిందని కళ్ళనీళ్ళు వచ్చాయి. జనమంతా తలలూపుతున్నారు. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల గుక్క తిప్పుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. ఎక్కడ ఆగుతుందో నాకు ముందే తెలిసిపోయింది. ఎందుకు తెలిసిందో అప్పుడు అర్థమైంది.

"ఇప్పుడు ఆవు అరుస్తుంది" అన్నాను పైకే.

ఆవు అరిచింది. మండపంలో, మైకులో, ఊరంతా వినపడేలా మా గౌరి అరిచింది.

అందరూ నా వైపు తిరిగారు. జగన్నాధం గారు పాట ఆపించారు. "అది మీకెలాగ తెలుసునమ్మా? అదే కదా ఈ పాటలో గొప్ప. గోపాలుడి పాట కదాని స్టూడియోలో ఆవుని కూడా పెట్టినారు. అంత ఆలోసన మనకెక్కడొస్తాదని నేను అందరికీ సెప్తన్నాను" అన్నారు. "స్టూడియో కాదండి, మా పెరడు. మేత ఆలస్యమైందని అరిచింది" అన్నాను. మరిడమ్మ వెనకనుంచి, "నాను సెప్తే పాలు కూడా తీసుకోనేదు" అని అందరికీ వినపడేలా అంది.

జరిగిందేమిటంటే, ఎవరో వాట్సాప్‌లో ఆయనకి పాట లింకు పంపారు. నొక్కితే పాట పేజీ తెరుచుకుంది. అక్కడ స్వామి ఉన్నాడు, సాహిత్యం ఉంది, నా పేరు లేదు. నా పేరూ ఫోటో నువ్వు మొదటి పేజీలో పెట్టి అక్కడే వదిలేశావు. నా చిన్నప్పటి గొంతు ఆయన ఎప్పుడూ విని ఉండలేదు. ఎవరో మద్రాసు విద్వాంసురాలని ఆయనే అనుకుని, గజపతినగరంలో సెల్‌ఫోను షాపులో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నారు. నువ్వు వాకబు చెయ్యమన్న ఆ రెండో మనిషి ఆయనే. ఇన్నాళ్ళూ నన్ను గుడిలోంచి వెళ్ళగొట్టడానికి నన్నే పట్టుకొచ్చారు. నేను నన్నే తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఆయన నా ముందుకొచ్చి చేతులు జోడించారు. "మెట్లెక్కలేకపోతే వైరు మీ అరుగు దాకా లాగీడమే కదమ్మా. మీరు కూకుని పాడండి, స్వామి ఇంటాడు" అన్నారు. గుడి వెనక వీధే మన ఇల్లు. ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం, ఇంత చదువుకున్న నీకు గాని, నాకు గాని, మైకు పట్టుకు తిరిగే నూకయ్యకి గాని ఆ ముక్క తోచలేదు. ఈ రోజు తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని నేనే మేలుకొలుపు పాడాను. మూడో చరణంలో గొంతు కొంచెం జీరపోయింది. అయినా చివరిదాకా పాడాను.

ఇక నీ తగువు. కొత్త పేజీలో తెరుస్తావో పాతదాంట్లో తెరుస్తావో, నువ్వూ ఆ అమ్మాయీ తేల్చుకోండి. నాకు ఒకటే కావాలి. పాట ఎక్కడికి వెళ్ళినా పాడిన మనిషి పేరు దాని వెంట వెళ్ళాలి. గౌరి పేరు కూడా వెయ్యి.

ఎప్పటికీ నీ మేలు కోరే,
అత్త జగదీశ్వరి.

మరొక మాట: మీటింగు అయ్యాక జగన్నాధం గారు నన్ను పక్కకి పిలిచి తన ఫోను చూపించారు. అందులోనూ ఆ ముఖం నవ్వుతోంది. "స్వామి తలుపు మనమెవరమమ్మా ముయ్యడానికి?" అన్నారు. అందుకని వచ్చే శనివారం పవళింపు వేళ రెండు ఫోన్లూ సన్నిధిలో పెట్టి, వంతు ప్రకారం త్యాగరాజు చేతనే మూయిద్దామని నిర్ణయించాం. ఒప్పుకున్నాడు. కాని హారతి ఇవ్వకుండా ఏ తలుపూ మూయనని, ఒక్కొక్క పేజీకి విడివిడిగా ఇస్తానని పట్టుబట్టాడు. ఆ రోజు నువ్వు రాక తప్పదు. వచ్చేటప్పుడు ఆ అమ్మాయిని కూడా తీసుకురా, శ్రీకాకుళంలో దొరికినంత కర్పూరం కొనుక్కురా.